ఇటుకకు రంగు వేసే ముందు పొగ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మేము కొన్న ఇల్లు కట్టి దాదాపు యాభై ఏళ్ళు కావస్తోంది. హాలులో ఒక గోడ నిండా ముదురు గోధుమరంగు ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఉంది. అద్దం తలుపుల చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీలు నల్లబడిపోయాయి. పైనున్న లావుపాటి చెక్క మాంటెల్, అంటే మంట గూటి మీది అర, వల్ల గదంతా చీకటిగా అనిపిస్తోంది. కిందటి చలికాలంలో రెండుసార్లు మంట వేస్తే పొగ గదిలోకి వచ్చింది. ఇటుకలకు తెల్లరంగు వేయించి, మంట చుట్టూ పలకలు అతికించి, కొత్త చెక్క మాంటెల్ పెట్టి, దాని పైన టీవీ బిగించాలని నా కోరిక. మావారు కట్టెలకు బదులు గ్యాస్ మంట పెట్టిద్దామంటున్నారు. మా పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

జవాబు: మీరు రంగు గురించీ మాంటెల్ గురించీ వివరంగా రాశారు కానీ, నా దృష్టి మాత్రం పొగ గదిలోకి వచ్చిందన్న ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఇటుక గోధుమరంగులోనే మరో పదేళ్ళు ఉన్నా ఎవరికీ ఏ నష్టమూ లేదు. గదిలోకి వచ్చే పొగ అలాంటిది కాదు. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి అది చుట్టుముట్టిన సంగతే తెలియదు. అందువల్ల కారణం తేలే వరకు ఆ మంట గూటిలో మళ్ళీ మంట వేయవద్దని, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఒకటి పిల్లలు పడుకునే గదుల దగ్గర ఈ వారంలోనే బిగించుకోమని మొట్టమొదటగా కోరుతున్నాను.

పొగ వెనక్కి తన్నడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో కొన్నింటిని మీరే చూసి తెలుసుకోవచ్చు. మంట గూటి పైభాగంలో డ్యాంపర్ అనే ఇనుప మూత ఉంటుంది. పాత ఇళ్ళలో అది తుప్పుపట్టి సగమే తెరుచుకోవడం మామూలు. చిమ్నీ పైన జాలీ టోపీ లేకపోతే పక్షులు గూడు కట్టి ఉండవచ్చు. చిమ్నీ ఇంటి బయటి గోడకు ఆనుకుని ఉంటే లోపలి గాలి చల్లబడి బరువెక్కుతుంది. అగ్గిపుల్ల గీసిన తొలి నిమిషాల్లో పొగ ఆ బరువును తోసుకుని పైకి వెళ్ళలేక గదిలోకి తిరుగుతుంది. వంటగదిలో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే, తలుపులూ కిటికీలూ బిగించి ఉన్న ఇంట్లో ఆ ఫ్యాను తనకు కావలసిన గాలిని చిమ్నీలో నుంచే కిందికి లాగుతుంది. ఆ రెండుసార్లు మంట వేసినప్పుడు వంటగది ఫ్యాను తిరుగుతున్నదో లేదో, కిటికీ తెరిచి ఉందో లేదో గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పరీక్షించడానికి వచ్చే మనిషికి ఆ వివరం ఎంతో పనికొస్తుంది.

కట్టడంలోనే లోపం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. మంట గూటి ముఖద్వారం వైశాల్యంలో కనీసం పదో వంతు వైశాల్యం ఫ్లూకు, అంటే పొగ వెళ్ళే లోపలి గొట్టానికి, ఉండాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. మీ గూడు 90 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ముఖద్వారం 6750 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అప్పుడు ఫ్లూ కనీసం 675 చదరపు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు 26 సెంటీమీటర్ల చతురస్రమంత, ఉండాలి. అంతకన్నా ఇరుకుగా ఉంటే ఎంత శుభ్రం చేసినా పొగ గదిలోకి వస్తూనే ఉంటుంది. అటువంటప్పుడు గొట్టాన్ని పగలగొట్టి వెడల్పు చేయనక్కరలేదు, ముఖద్వారాన్నే తగ్గించవచ్చు: గూటి అడుగున ఒక వరుస ఫైర్ బ్రిక్, అంటే మంట వేడికి తట్టుకునే ఇటుక, వేసి ఆ అడుగును పైకి లేపడమో, పై అంచున అడ్డంగా సన్నని లోహపు రేకు బిగించడమో చేస్తారు. చిమ్నీ ఎత్తు కూడా చూడాలి. కప్పును చీల్చుకుని పైకి వచ్చిన చోటి నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న కప్పు భాగం కన్నా కనీసం 2 అడుగులు ఎత్తు ఉండాలన్నది అమెరికా నివాస నిర్మాణ నియమావళిలోని కొలత. మీరున్న చోటి నిబంధన వేరైతే దాన్నే పాటించండి.

ఈ బాధ పాతదే. పొగ రాకుండా, వేడి మాత్రం గదిలోకి వచ్చేలా గూటి ఆకారాన్నే మార్చవచ్చని చెప్పినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరుపొందిన బెంజమిన్ థాంప్సన్. ఆయన 1796లో ప్రచురించిన వ్యాసంలో గూడు లోతు తగ్గించాలని, పక్క గోడలను ఏటవాలుగా తెరవాలని, పొగ పైకి వెళ్ళే గొంతును సన్నగా చేయాలని వివరించాడు. మీ గూడు బాగా లోతుగా, చతురస్రపు పెట్టెలా ఉంటే, నిపుణుడైన తాపీ మేస్త్రి దాని లోపలే ఫైర్ బ్రిక్‌తో ఆ ఆకారాన్ని కట్టగలడు. అలంకారానికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుని అయినా ఇది చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు పరీక్ష సంగతి. అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం వెలువరించిన 211వ ప్రమాణం చిమ్నీని ఏడాదికి ఒకసారి పరీక్షించాలని చెబుతూ, పరీక్షలను మూడు స్థాయిలుగా విభజించింది. ఇల్లు చేతులు మారినప్పుడు, మంట సాధనాన్ని మార్చబోతున్నప్పుడు చేయవలసింది రెండో స్థాయి పరీక్ష. అందులో కెమెరాను ఫ్లూ లోపలికి దింపి కింది నుంచి పై వరకు చూస్తారు. మీరు ఇల్లు కొన్నారు, గ్యాస్‌కు మారాలని కూడా అనుకుంటున్నారు. రెండు కారణాలూ మీకు వర్తిస్తాయి. ఊడ్చి వెళ్ళిపోయే పనివాడితో సరిపెట్టకుండా, కెమెరాలో కనిపించిన దృశ్యాలను మీకు చూపించి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చే మనిషినే పిలవండి.

ఆ కెమెరా వెతికేది ముఖ్యంగా రెండింటిని. మొదటిది క్రియోసోట్. సరిగా కాలని కట్టెల పొగ చల్లని గోడకు తగిలి గడ్డకట్టగా ఏర్పడే పదార్థం అది. మొదట మసిలా పొడిగా ఉంటుంది, తరువాత పెళుసు పెచ్చులుగా మారుతుంది, చివరికి తారులా మెరుస్తూ గోడకు అతుక్కుపోతుంది. పొడిని బ్రష్‌తో దులపవచ్చు కానీ మెరిసే పొరను మామూలు బ్రష్ కదిలించలేదు. దానికి నిప్పంటుకుంటే చిమ్నీలో వేడి 1000 డిగ్రీల సెల్సియస్‌ను దాటగలదు. రెండోది ఫ్లూకు లోపల అమర్చిన మట్టి గొట్టాల్లో పగుళ్ళు. పగులు గుండా వేడీ పొగా గోడలోని చెక్కను చేరుకుంటాయి. గొట్టాలు పగిలి ఉంటే చిమ్నీ పొడవునా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాన్ని దింపడం ఎక్కువమంది ఎంచుకునే పరిష్కారం.

ఇదంతా మీది నిజమైన ఇటుక కట్టడమేనన్న ఊహతో రాస్తున్నాను. బయట ఇటుక కనిపించినా లోపల ఫ్యాక్టరీలో తయారైన లోహపు పెట్టె ఉండే ఫైర్‌ప్లేస్‌లు ఆ కాలం ఇళ్ళలో తక్కువేమీ కాదు. గూటి లోపలి గోడలు ఇటుక అచ్చుపోసిన పలకల్లా ఉన్నాయా, అంచున తయారీ వివరాల లోహపు బిళ్ళ ఉందా, కప్పు మీద కనిపించేది ఇటుక చిమ్నీయా లేక లోహపు గొట్టమా అన్నది చూస్తే తెలిసిపోతుంది. లోహపు పెట్టె అయితే దాని ముఖం మీదున్న గాలి కంతలను పలకలతో గాని, ఇటుకతో గాని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. ఆ పెట్టె చుట్టూ తిరిగే గాలే పక్కనున్న చెక్కను వేడెక్కకుండా కాపాడుతుంది. పెట్టె తుప్పుపట్టినా వంకరపోయినా అతుకులు వేయడం వృథా. గొట్టంతో సహా మొత్తం మార్చవలసిందే.

నివేదిక చేతికి వచ్చాక మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గూటిలో ఇకమీదట మంట ఉంటుందా, ఉంటే ఏ మంట? తెరిచి ఉన్న గూటిలో కట్టెలు కాలిస్తే వేడిలో చాలా భాగం చిమ్నీ గుండా పైకి పోతుంది, గదికి దక్కేది ఇంచుమించు పదో వంతే. మంట అందమూ కావాలి, వెచ్చదనమూ కావాలి అనుకుంటే, గూటిలో ఇమిడేలా అద్దం తలుపుతో వచ్చే ఇన్సర్ట్ అనే స్టవ్ మేలు. దానికి సొంత స్టీలు గొట్టం పై వరకు వేయాలి. మీవారి మాట కూడా తీసిపారేయదగినది కాదని మీరు గ్రహించే ఉంటారు. గ్యాస్ మంటకు కట్టెలు ఆరబెట్టే పని లేదు, బూడిద ఎత్తే పని లేదు. అయితే పొగ బయటికి పోయే ఏర్పాటు ఉన్న గ్యాస్ మంటనే ఎంచుకోండి. చిమ్నీ అవసరం లేదంటూ అమ్మే రకం తన ఆవిరినీ వాయువులనూ గదిలోకే వదులుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి దాన్ని నేను సూచించలేను. పాత గూటిలో గ్యాస్ దుంగలు, అంటే కట్టెల్లా కనిపించే గ్యాస్ మంట, పెట్టినప్పుడు డ్యాంపర్ మూసుకుపోకుండా బిగింపు వేయడం తప్పనిసరి. మరో సంగతి: గ్యాస్ మంట ముందున్న అద్దం 200 డిగ్రీల సెల్సియస్‌ను దాటి వేడెక్కగలదు, మంట ఆర్పిన తరువాత కూడా చాలాసేపు చల్లారదు. చెయ్యి ఆనకుండా ముందు జాలీ తెర ఉండాలి.

చిమ్నీ బాగుచేయలేని స్థితిలో ఉంటే విద్యుత్ ఫైర్‌ప్లేస్ పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా పాత చిమ్నీని రెండువైపులా గాలి చొరకుండా బిగించేయకండి. లోపల తేమ నిలిచి గోడలకు చెమ్మ పడుతుంది. పైన వాన పడని, గాలి ఆడే టోపీ, కింద చిన్న జాలీ ఉంచాలి.

ఇక మీ మనసుకు నచ్చిన పనికి వద్దాం. అంత పాత ఇంట్లో గోకడం, రుద్దడం మొదలుపెట్టే ముందు మరొక జాగ్రత్త ఉంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ళకు వాడే రంగుల్లో దాన్ని 1978లో గాని నిషేధించలేదు. ఆ కాలంలో గూటి చుట్టూ వాడిన అట్టల్లో, స్టవ్ తలుపుల చుట్టూ వేసే తాళ్ళలో, అలంకారానికి చల్లే కృత్రిమ బూడిదలో ఆస్బెస్టాస్ అనే ప్రమాదకరమైన నార ఖనిజం ఉండే అవకాశం ఉంది. మాంటెల్ మీద రంగు పొరలున్నా, గూటి చుట్టూ బూడిదరంగు అట్టలు కనిపించినా, ఒక నమూనాను ప్రయోగశాలకు పంపి ఫలితం వచ్చేదాకా ఉప్పుకాగితం పట్టవద్దు. నేలమీద ఆడుకునే పిల్లల నోటికి ముందుగా చేరేది ఆ ధూళే.

తెల్లరంగు విషయంలో మిమ్మల్ని కొంచెం ఆగమని కోరుతాను. ఇటుక మీద వేసిన మామూలు ఆక్రిలిక్ రంగు దాని రంధ్రాల్లోకి దిగిపోతుంది. తరువాత మనసు మారితే పూర్తిగా తీయడం సాధ్యం కాదు. పైగా చిమ్నీ గోడలోకి ఎక్కడినుంచైనా తేమ చేరితే అది రంగు పొర వెనక చిక్కుకుని పెచ్చులుగా ఊడిస్తుంది. నేను చూసిన అనేక ఇళ్ళలో, చీకటిగా ఉందని యజమానులు విసుక్కున్న ఇటుక అసలు రంగు అది కాదు, ఏళ్ళ తరబడి పట్టిన మసి. కాబట్టి ముందు కడిగి చూడండి. పొడి మసిని వాక్యూమ్‌తో తీసి, మసి తుడిచే పొడి రబ్బరు స్పాంజితో అద్దినట్టు తుడవాలి. ఆ తరువాతే నీళ్ళు. ఇటుకను ముందుగా శుభ్రమైన నీటితో తడిపితే మురికి నీటిని అది పీల్చుకోదు. మృదువైన డిటర్జెంట్‌తో, నారబ్రష్‌తో, కింది నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్ళాలి. పై నుంచి మొదలుపెడితే జారిన మురికి కింది పొడి ఇటుక మీద చారలు కడుతుంది. ఇనుప బ్రష్, ఆమ్లం రెండూ వద్దు. ఒకటి ఇటుక చర్మాన్ని గీరేస్తుంది, మరొకటి ఇటుకల మధ్య గచ్చును తినేస్తుంది.

గచ్చు రాలిన సందులను నింపించేటప్పుడు కొత్త గచ్చు పాతదాని కన్నా గట్టిగా ఉండకూడదని మేస్త్రికి చెప్పండి. గచ్చు గట్టిదై ఇటుక మెత్తదైతే ఒత్తిడికి పగిలేది ఇటుకే. మంట గూటి లోపల మాత్రం మామూలు సిమెంటు నిలవదు. అక్కడ వేడికి తట్టుకునే ప్రత్యేకమైన గచ్చును, సందు 6 మిల్లీమీటర్లు దాటకుండా నింపాలి. గూటి లోపలి గోడలకు గోడరంగు ఎన్నటికీ వేయకండి. నల్లగా కనిపించాలంటే సుమారు 650 డిగ్రీల వేడికి తట్టుకునేదిగా డబ్బా మీద రాసి ఉన్న రంగునే వాడాలి.

కడిగి ఆరిన తరువాత కూడా ఇటుక ముదురుగానే ఉంటే నేను సున్నాన్ని సూచిస్తాను. పల్చని సున్నపు పూత ఇటుకతో కలిసి ఊపిరాడనిస్తుంది. ఎక్కడ పల్చగా, ఎక్కడ చిక్కగా ఉండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. పూర్తిగా గట్టిపడక ముందు నచ్చని చోట నీటితో కడిగేయవచ్చు. ఇటుక మీద ఒక నీటి చుక్క వేసి చూడండి: లోపలికి ఇంకితే సున్నం పడుతుంది, ముత్యంలా నిలిస్తే ఎవరో ఇంతకుముందే పారదర్శకమైన పూత వేసి ఉన్నారని అర్థం, అప్పుడు సున్నం పట్టదు. ఏ పూత అయినా ముందు కనిపించని మూల రెండు చేతుల వెడల్పున వేసి, పగటి వెలుగులోనూ రాత్రి దీపాల కిందా ఒక వారం చూసుకోండి. కట్టెల మంటే ఉంచుకుంటే గూటి అంచున తెలుపు త్వరలోనే మసకబారుతుంది. అక్కడ రెండు వరుసల ఇటుకను రంగు లేకుండా వదిలేయడం అందంగానూ ఉంటుంది, పనీ తగ్గిస్తుంది.

పలకలు అతికించాలనుకుంటే గ్రానైట్, పలకరాయి, సోప్‌స్టోన్, పోర్సిలిన్ వీటిలో ఏదైనా వేడిని భరిస్తుంది. వంటింటి గట్టుకు వాడే కృత్రిమ క్వార్ట్జ్‌లో రెసిన్ ఉంటుంది కనుక గూటి అంచుకు పనికిరాదు. డబ్బాలో సిద్ధంగా వచ్చే జిగురు కాకుండా, సిమెంటు ఆధారిత పొడిని కలిపి వాడించండి. గూటి ముందు నేల మీద ఉండే రాతి అరుగును చాలామంది పట్టించుకోరు. ఎగిరిపడే నిప్పురవ్వను ఆపేది అదే. ముఖద్వారం 6 చదరపు అడుగుల లోపైతే అరుగు ముందుకు 16 అంగుళాలు, పక్కలకు 8 అంగుళాలు ఉండాలని, అంతకు పెద్దదైతే 20, 12 అంగుళాలు ఉండాలని పైన చెప్పిన నియమావళి అంటుంది. నేను ఉదాహరణగా తీసుకున్న గూడు 7 చదరపు అడుగులు దాటుతుంది కనుక దానికి రెండో కొలతే వర్తిస్తుంది. చెక్క నేల వేయించేటప్పుడు పనివారు ఆ అరుగును కురచ చేయకుండా మీరే చూసుకోవాలి.

కొత్త మాంటెల్‌ను ఎంత ఎత్తున పెట్టాలన్నది కంటికి నచ్చడాన్ని బట్టి మాత్రమే తేలేది కాదు. ముఖద్వారం చుట్టూ 6 అంగుళాల లోపల చెక్క అసలు ఉండకూడదు. 6 నుంచి 12 అంగుళాల మధ్య ఉంటే, ముఖద్వారం నుంచి ప్రతి అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతు మాత్రమే ముందుకు పొడుచుకు రావచ్చు. అంటే 8 అంగుళాల ఎత్తున పెట్టిన చెక్క ఒక్క అంగుళం కన్నా ముందుకు రాకూడదు. వస్తువులు పెట్టుకునేంత వెడల్పైన అర కావాలంటే 12 అంగుళాల పైకి వెళ్ళక తప్పదు. ఇన్సర్ట్ గాని గ్యాస్ సాధనం గాని పెడితే దాని తయారీదారు ఇచ్చిన కొలతలే ప్రమాణం. ఇప్పుడున్న మాంటెల్‌ను పారేసే ముందు దాని అడుగున ఒక మూల పాలిష్ తీయించి చూడండి. ముదురు వార్నిష్ కింద మంచి చెక్క ఉంటే, పాలిష్ మార్చడంతోనే దాని బరువు సగం తగ్గినట్టు కనిపిస్తుంది.

టీవీ అక్కడ వద్దనే నా సలహా. చాలా టీవీల సూచనల పుస్తకాల్లో పరిసరాల వేడి 40 డిగ్రీల సెల్సియస్ మించకూడదని ఉంటుంది, మంట పైనున్న గోడ దాన్ని తేలికగా దాటగలదు. మీకు తప్పదనుకుంటే, మరమ్మతులన్నీ అయ్యాక టీవీ ఉండబోయే చోట గోడకు థర్మామీటరు అతికించి, రెండు గంటలు మంట వేసి చూసి నిర్ణయించుకోండి.

ఇత్తడి పట్టీలను మార్చనక్కరలేదు. తలుపులను ఊడదీసి బయటికి తీసుకువెళ్ళి, జిడ్డు తుడిచి, సన్నని ఉప్పుకాగితంతో గీరి, వేడికి తట్టుకునే నల్లరంగు స్ప్రే చేస్తే కొత్తవాటిలా అవుతాయి. ఆ పాత అద్దాలు మామూలు టెంపర్డ్ గాజు అయితే, కట్టెల మంట బాగా రేగినప్పుడు తలుపులు మూయకూడదు, పగులుతాయి. అద్దం మీది మసికి తడి కాగితాన్ని సన్నని బూడిదలో అద్ది రుద్దడం కన్నా మంచి మందు లేదు.

పనులన్నీ ముగిశాక గచ్చు ఆరడానికి పనివాడు చెప్పినన్ని రోజులు ఆగి, మొదటి కొన్నిసార్లు చిన్న మంటలే వేయండి. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి; తేమ కొలిచే చిన్న పరికరాన్ని అప్పుడే చీల్చిన కట్టె లోపలి ముఖానికి గుచ్చి చూడాలి. వెలిగించే ముందు డ్యాంపర్ పూర్తిగా తెరిచి, వంటగది ఫ్యాను ఆపి, మండుతున్న కాగితపు చుట్టను గూటి పైభాగంలో ఒక నిమిషం పట్టుకోండి. దాని పొగ నిటారుగా పైకి పోతే కట్టెలు అంటించండి. గదివైపు తిరిగితే ఆ రోజుకు ఆపేసి, పరీక్షించిన మనిషిని మళ్ళీ పిలవండి. మరునాడు ఎత్తిన బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో, ఇంటికి దూరంగా, ఆరుబయట ఉంచండి. పైకి చల్లారినట్టు కనిపించే నిప్పు బూడిదలో రోజుల తరబడి బతికే ఉంటుంది.